క్రిమినాలజీ ఎలా చదవాలి: సీటు వెతకడం దగ్గర్నుంచి డిసర్టేషన్ దాకా

"క్రిమినాలజీ చేస్తే సీఐడీలో తీసుకుంటారా?" "ఫోరెన్సిక్, ఇదీ ఒకటేనా?" "చేరాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు." వారానికి ఒకరైనా ఇలా అడుగుతుంటారు. విడివిడిగా చెప్పి చెప్పి, చివరికి వరుసగా రాసిపెడదామనిపించింది. ఇది ముఖ్యంగా మన దేశంలో పీజీ చదవాలనుకునేవాళ్ళ కోసం. డిగ్రీలోనో, ఎల్‌ఎల్‌ఎంలోనో ఒక పేపర్‌గా చదివేవాళ్ళు నేరుగా 4వ భాగానికి వెళ్ళిపోవచ్చు.

1. ముందు, ఇది ఏ చదువు కాదో తేల్చుకోండి

సంక్రాంతికి ఊరెళ్ళిన కుటుంబం తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువాలో బంగారం లేదు. ఈ ఒక్క సంఘటనను నలుగురు నాలుగు రకాలుగా చూస్తారు.

- ఫోరెన్సిక్ వాళ్ళు బీరువా తలుపు మీద వేలిముద్రలు తీస్తారు.
- ఎస్సై ఆ బంగారం ఏ తాకట్టు కొట్టుకు చేరిందో ఆరా తీస్తారు.
- లాయరు ఇది భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 305 (ఇంట్లో దొంగతనం) కిందికి వస్తుందా, 331 (ఇంట్లోకి చొరబడటం) కూడా కలుస్తుందా అని చూస్తారు.
- క్రిమినాలజీ చదివినవాళ్ళు వేరే ప్రశ్నలు వేస్తారు. ఈ కాలనీలోనే ఎందుకు? ఆ మూడు రోజుల్లోనే ఎందుకు? పట్టుబడ్డ కుర్రాడు ఇక్కడిదాకా ఎలా వచ్చాడు? జైలు నుంచి వచ్చాక మళ్ళీ ఇదే పని చేస్తాడా?

ఈ చివరి ప్రశ్నలు మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వకపోతే ఈ చదువు మీదే. మనసు వేలిముద్రల మీదుంటే ఫోరెన్సిక్ సైన్స్‌కు వెళ్ళండి. దానికి మామూలుగా సైన్స్ డిగ్రీ కావాలి. క్రిమినాలజీ ఎంఏకి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఈ తేడా తెలియక బీకాం చదివి క్రిమినాలజీ చేసి, ఆ తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పోస్టులకు అర్హత లేదని తెలుసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఉద్యోగాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఎస్సై పరీక్ష ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు, క్రిమినాలజీ ఉందని ప్రత్యేకంగా పిలిచి ఇవ్వరు. ఈ చదువు నిజంగా పనికొచ్చేది ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణలో ఉంచడం), జైలు సంక్షేమం, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, బాధితులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, బ్యాంకుల్లో మోసాల నిఘా, పరిశోధన, అధ్యాపక వృత్తి. యూజీసీ నెట్‌లో (అధ్యాపక అర్హత పరీక్ష) క్రిమినాలజీకి విడిగా సబ్జెక్టు ఉంది, కోడ్ 68. ఇంట్లోవాళ్ళకు ఈ జాబితా ముందే చూపించండి. రెండో ఏడాదిలో టెన్షన్ తగ్గుతుంది.

2. కోర్సు ఎంచుకోవడం

మన రెండు రాష్ట్రాల్లో క్రిమినాలజీ విడి డిపార్ట్‌మెంట్‌గా అరుదు. ఎక్కువగా లా, సోషియాలజీ, సైకాలజీ కోర్సుల్లో ఒక పేపర్‌గా కనిపిస్తుంది. పూర్తి పీజీ కావాలంటే బయటికి చూడాల్సిందే. మద్రాసు విశ్వవిద్యాలయం, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం, ధార్వాడ్‌లోని కర్ణాటక్ విశ్వవిద్యాలయం, మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం, గాంధీనగర్‌లో, ఢిల్లీలో క్యాంపస్‌లున్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ, ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ముందుగా చూడాల్సినవి. టిస్‌లో చదువు సోషల్ వర్క్ వైపు మొగ్గుతుంది, ఫోరెన్సిక్ వర్సిటీలో సైన్స్ గాలి ఎక్కువ. ప్రవేశ పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి, సీనియర్ చెప్పింది కాదు.

పేరు చూసి కాదు, సిలబస్ దించుకుని ఇవి సరిచూడండి:

- పరిశోధనా పద్ధతులు, స్టాటిస్టిక్స్ కనీసం రెండు పేపర్లుగా ఉన్నాయా?
- బాధితుల అధ్యయనం, శిక్షలూ జైళ్ళ అధ్యయనం విడి పేపర్లా, ఒక యూనిట్‌లో సర్దేశారా?
- ఫీల్డ్‌వర్క్‌కు మార్కులున్నాయా? జైళ్ళ శాఖతో, పోలీసు శాఖతో ఒప్పందం ఉందా?
- పాఠం చెప్పేవాళ్ళలో క్రిమినాలజీలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు ఎందరు?
- పట్టా మీద ఏ పేరు వేస్తారు? "సైబర్ క్రైమ్ అండ్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్" లాంటి పొడుగాటి పేరుంటే అది నెట్‌కు, ఉద్యోగ నోటిఫికేషన్లకు సరిపోతుందో లేదో అడగండి.

చివరిది చాలామంది అడగరు. అదే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

3. చేరేముందు రెండు నెలలు

చట్టం నోట్‌బుక్. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. కొత్త నంబర్లు మాత్రమే నేర్చుకుంటే సరిపోదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. అందుకే పేజీని నిలువుగా రెండుగా గీసి జంటలుగా రాసుకోండి: హత్య 302, ఇప్పుడు 103. హత్యాయత్నం 307, ఇప్పుడు 109. దొంగతనం 379, ఇప్పుడు 303. మోసం 420, ఇప్పుడు 318. భార్యపై క్రూరత్వం 498ఎ, ఇప్పుడు 85. ఎఫ్‌ఐఆర్ సీఆర్‌పీసీ 154, ఇప్పుడు సురక్షా సంహిత 173. ఇలా ఒక ముప్పై చాలు. మొత్తం బట్టీ పట్టడం లా విద్యార్థుల పని.

లెక్కలు. శాతం, రేటు, సగటు, మధ్యస్థం, ఎక్సెల్‌లో పట్టిక వేయడం. పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టనివాళ్ళు ఈ రెండు నెలల్లో ఇదొక్కటి చేసినా చాలు.

చదివే అలవాటు. పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒక అధ్యాయం చదివాక పుస్తకం మూసేసి, అందులో ఏముందో తెలుగులో అర పేజీ రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇది సిగ్గుపడాల్సిన విషయం అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్ళ జవాబులే సూటిగా ఉంటాయి.

4. ఒక నేరాన్ని పట్టుకోండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క సలహానే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మొదటి నెలలోనే మీ ఊళ్ళో తరచూ జరిగే ఒక మామూలు నేరాన్ని ఎంచుకోండి. రెండేళ్ళలో వచ్చే ప్రతి సిద్ధాంతాన్నీ, ప్రతి లెక్కనూ, ప్రతి చట్టాన్నీ దాని మీదే పరీక్షించండి. పేపర్లు మారతాయి, నేరం మారదు.

ఎంచుకునేటప్పుడు:

- సీరియల్ హంతకులు వద్దు. అవి అరుదు, మీకు సమాచారం దొరకదు.
- నెలకు కొన్నైనా కేసులు నమోదయ్యేది కావాలి: తాళం వేసిన ఇళ్ళలో చోరీ, బైకుల దొంగతనం, గొలుసు దొంగతనం, ఓటీపీ మోసం, గంజాయి కేసులు, కోడిపందేల జూదం.
- మీ కుటుంబానికి నేరుగా జరిగినదాన్ని వదిలేయండి. కోపం లెక్కలకు అడ్డొస్తుంది.

నేను తాళం వేసిన ఇంటిని తీసుకుని చెబుతాను.

5. సిద్ధాంతాలు: వరుస, వాటిని వాడే పద్ధతి

ఎక్కువమంది జారేది ఇక్కడే. బెకారియా, లాంబ్రోసో, డర్క్‌హైమ్ అని పేర్లూ సంవత్సరాలూ బట్టీ పట్టి, పరీక్షలో కక్కేసి మర్చిపోతారు. ఒక్కో సిద్ధాంతానికి ఒక్కో కార్డు చేసి, నాలుగే ప్రశ్నలకు జవాబు రాయండి.

- ఇది ఎవరి గురించి: మనిషి గురించా, వీధి గురించా, సమాజం గురించా, చట్టం చేసేవాళ్ళ గురించా?
- నేను ఎంచుకున్న నేరంలో ఇది దేన్ని వివరిస్తుంది?
- దేన్ని వివరించలేదు?
- ఇది నిజమైతే ప్రభుత్వం ఏం చేయాలి?

మొదట కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పిన రొటీన్ యాక్టివిటీ సిద్ధాంతం తీసుకోండి. పుస్తకాల్లో ఇది చివర్లో వస్తుంది గానీ మొదలుపెట్టడానికి ఇదే తేలిక. నేరం జరగాలంటే మూడు కలవాలి: చేయాలనుకునేవాడు, చేతికందే వస్తువు, కాపలా లేని చోటు. సంక్రాంతికి కాలనీ సగం ఖాళీ. బంగారం కొంత ఒంటి మీద ఊరెళ్ళింది, మిగిలింది బీరువాలో ఉంది. వాకిట్లో మూడు రోజుల పాల ప్యాకెట్లు, ముగ్గు లేని గడప. కాపలా లేదని దొంగకు గడపే చెబుతుంది. మరి ప్రభుత్వం ఏం చేయాలి? ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే వ్యవస్థ) ఈ తర్కం మీదే నడుస్తుంది: ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెడతారు. అయితే ఆ కుర్రాడు దొంగ ఎందుకయ్యాడో ఈ సిద్ధాంతం చెప్పదు. కార్డులో మూడో గడి నిండింది.

ఆ ఖాళీ దగ్గర మెర్టన్‌ను తెరవండి, 1938. అందరికీ ఒకే ఆశలు చూపించి, దారులు కొందరికే తెరిస్తే ఏమవుతుంది? తర్వాత సదర్లాండ్: నేరం సావాసంలో నేర్చుకునేది, తాళం తీసే పనితోబాటు "వాళ్ళకేం, డబ్బున్నోళ్ళే కదా" అనే సమర్థింపు కూడా. తర్వాత హిర్షీ, 1969. ఈయన ప్రశ్ననే తిప్పేస్తాడు: అదే వీధిలో మిగతా కుర్రాళ్ళు ఎందుకు దొంగతనం చేయలేదు? అమ్మ, ఉద్యోగం, తీరిక లేని రోజు, తప్పనే నమ్మకం, ఏ తాడు వాళ్ళను పట్టి ఉంచింది?

ముద్ర సిద్ధాంతానికి (లేబెలింగ్ థియరీ: సమాజం ఒకరిని నేరస్థుడని ముద్ర వేస్తే ఏమవుతుందో చెప్పేది) ఎక్కువ సమయం ఇవ్వండి. బెకర్ 1963లో రాసినదాన్ని అమెరికా ఉదాహరణలతో చదివితే పైపైనే ఉండిపోతుంది. మనకు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాసేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు వినగానే "దొంగలు" అనే అలవాటు మాత్రం దశాబ్దాల పాటు పోలేదు. సంఘ సంస్కర్తలు హేమలత, లవణం దంపతులు అక్కడ చేసిన పని గురించి చదవండి. ముద్ర వేయడం ఎంత తేలికో, తీయడం ఎంత కష్టమో తెలుస్తుంది. లాంబ్రోసో "పుట్టు నేరస్థుడు" అనే మాటను కూడా దీని పక్కనే పెట్టి చదివితే, పాత సిద్ధాంతం కదా అని నవ్వి వదిలేయబుద్ధి కాదు.

తప్పు: అన్ని నేరాలకూ పేదరికమే కారణమని రాయడం. మందు: ప్రతి జవాబులోనూ సదర్లాండ్ 1939లో లేవదీసిన తెల్లచొక్కా నేరాల (హోదా ఉన్నవాళ్ళు ఉద్యోగంలో, వ్యాపారంలో చేసేవి) ప్రశ్నతో మిమ్మల్ని మీరే నిలదీసుకోండి. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం 2009 జనవరిలో బయటపడింది. అక్కడ పేదరికం ఎవరిది?

6. నేరాల లెక్కలు చదవడం

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే నివేదిక మీ ముఖ్య ఆధారం. దాన్ని తెరిచేముందు ఈ నాలుగు నియమాలు కాగితం మీద రాసి గోడకు అంటించండి.

(అ) అవి జరిగిన నేరాలు కావు, నమోదైన నేరాలు. కేరళలో కేసుల రేటు ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. అక్కడ జనం చెడ్డవాళ్ళని కాదు, స్టేషన్‌కు వెళ్తారు, వెళ్తే కేసు రాస్తారు.

(ఆ) సంఖ్య కాదు, లక్ష జనాభాకు రేటు చూడాలి. ఒక ఊళ్ళో 8 లక్షల మందికి 400 చోరీలు, ఇంకో ఊళ్ళో 4 లక్షల మందికి 300 అనుకుందాం. మొదటి ఊరి రేటు 50, రెండో ఊరిది 75. పేపర్లో హెడ్డింగ్ మాత్రం 400 ఉన్న ఊరికే పడుతుంది.

(ఇ) ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా, లెక్కలోకి వచ్చేది అన్నిటికంటే తీవ్రమైనదే. ఇంట్లో దొంగతనానికి వచ్చి ముసలామెను చంపితే అది హత్య గడిలోకే వెళ్తుంది. చోరీ కనపడదు. మీరు ఎంచుకున్న నేరం ఇలా ఎక్కడ మాయమవుతుందో చూసుకోండి.

(ఈ) శిక్షల శాతం అంటే విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడిందని. నమోదైన అన్ని కేసుల్లో కాదు. వ్యాసాల్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు ఎర్ర పెన్నుతో దిద్దిన తప్పు ఇదే.

జైళ్ళ లెక్కలకూ ఇదే జాగ్రత్త కావాలి. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. "జైల్లో ఎక్కువగా ఫలానా కులం వాళ్ళున్నారు కాబట్టి నేరాలు వాళ్ళే ఎక్కువ చేస్తారు" అని రాసేముందు ఈ సంఖ్య చూడండి. ఆ పట్టిక ఎవరు నేరం చేశారో చెప్పదు, ఎవరికి జామీను దొరకలేదో చెబుతుంది.

7. కోర్టు, స్టేషన్, జైలు

కోర్టుతో మొదలుపెట్టండి, అనుమతి అక్కర్లేదు. మేజిస్ట్రేటు కోర్టు బహిరంగమే. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ రోజు కేసుల జాబితా చూసుకుని, ఉదయం 10:15కల్లా వెళ్ళి చివరి బెంచీలో కూర్చోండి. ఫోన్ స్విచాఫ్. రికార్డింగు వద్దు. అత్యాచారం కేసులు గది మూసి విచారిస్తారు, బంట్రోతు బయటికి వెళ్ళమంటే మారు మాట్లాడకుండా లేవండి. ఐదు రోజులు కూర్చుని మూడే విషయాలు లెక్కపెట్టండి: ఎన్ని కేసులు వాయిదా పడ్డాయి, ఎందుకు పడ్డాయి, ఎందరు సాక్షులు అడ్డం తిరిగారు. క్లాసులో నెల రోజులు విన్నా రానిది ఈ ఐదు రోజుల్లో వస్తుంది.

ఎఫ్‌ఐఆర్‌ల కోసం స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు. సున్నితమైనవి తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఎంచుకున్న నేరానివి ఒక ముప్పై దించుకుని సమయం, వారం, పోయిన వస్తువు, ఫిర్యాదుకు పట్టిన ఆలస్యం పట్టిక వేయండి. అవి దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది: 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ఎందుకు పెరిగాయి?" అని అడిగితే జవాబు రాదు. "2021 నుంచి నెలవారీగా ఎన్ని?" అని అడగండి. నడుస్తున్న దర్యాప్తు వివరాలు అడిగితే ఆ చట్టంలోని 8(1)(హెచ్) మినహాయింపు చూపించి తిప్పి పంపుతారు.

జైలుకు మాత్రం కాగితాలు కావాలి. నేను ఒక జిల్లా జైలుకు డిపార్ట్‌మెంట్ లెటర్ పట్టుకుని ధీమాగా వెళ్ళాను. గేటు దగ్గరే ఆపేసి, జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయం నుంచి అనుమతి ఏదన్నారు. అది తెచ్చుకునేసరికి ఆరు వారాలు పోయాయి, నా ప్రశ్నావళి సగానికి కోసుకోవాల్సి వచ్చింది. మీరు జైలు ఊసెత్తిన రోజే దరఖాస్తు పెట్టండి. సంగారెడ్డి పాత జైలులో 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీలా ఉండే పథకం 2016లో పెట్టారు. సరదాకైతే సరే, దాన్ని ఫీల్డ్‌వర్క్ అని రికార్డులో రాయొద్దు. రాసినవాళ్ళున్నారు.

మనుషులతో మాట్లాడేముందు:

- సమ్మతి పత్రం తెలుగులో ఉందా? చదవడం రానివాళ్ళకు పైకి చదివి వినిపించారా?
- అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72 కింద నేరం. పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం 74, పోక్సో 23. ఊరి పేరు, బడి పేరు రాసినా గుర్తుపట్టేస్తారు.
- పేర్ల బదులు అంకెలు వేశారా? పేర్ల జాబితా వేరే చోట దాచారా?
- ఖైదీకి సాయం చేస్తామని, లాయరును చూస్తామని మాట ఇచ్చారా? ఇవ్వొద్దు.
- "జరగబోయే నేరం గురించి చెబితే దాచలేను" అని మొదటే చెప్పారా? కోర్టు అడిగితే మీ నోట్సుకు చట్టపరమైన రక్షణ ఏమీ ఉండదు.

8. వ్యాసాలు, పరీక్షలు

దీనికి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ప్రశ్నలో అడిగిన సిద్ధాంతం రెండు పేరాలు, మన దేశపు ఆధారం ఒకటి, అది ఎక్కడ పనిచేయదో ఒకటి. మీ నాలుగు ప్రశ్నల కార్డే జవాబుకు చట్రం. టీవీ చర్చల్లో విన్న మాటలు, "నేటి సమాజంలో నేరాలు విపరీతంగా పెరిగిపోతున్నాయి" లాంటి మొదటి వాక్యాలు కొట్టేయండి. పెరిగాయంటే ఎంత నుంచి ఎంతకు, ఏ రేటు, ఎవరి లెక్క అని మొదటి మార్కు దగ్గరే అడుగుతారు.

9. డిసర్టేషన్

రెండేళ్ళుగా ఒకే నేరాన్ని పట్టుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, ప్రశ్నను చిన్నది చేయడం. "సైబర్ నేరాలు: ఒక అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. దాన్ని ఇలా దించుకురండి:

- సైబర్ నేరాలు
- ఓటీపీ మోసాలు
- మా మండలంలో ఓటీపీ మోసాలు
- మా మండలంలో డబ్బు పోగొట్టుకున్న 20 మందిలో ఎంతమంది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు, చేయనివాళ్ళు ఎందుకు చేయలేదు?

చివరిది మీరు ఒక్కరూ ఐదు నెలల్లో చేయగలరు. మొదటిది ప్రభుత్వం కూడా చేయలేదు.

కాలపట్టిక ఇలా వేసుకోండి. మొదటి నెల: ప్రశ్న, గైడ్ ఆమోదం, అనుమతుల దరఖాస్తులు. రెండో నెల: ఇద్దరి మీద ప్రశ్నావళి ప్రయోగం. "మీరు నేర బాధితులా?" అంటే ఎవరూ అవుననరు, "ఎప్పుడైనా ఫోన్లో డబ్బులు పోయాయా అండీ?" అంటే గంటసేపు చెబుతారు. మూడు, నాలుగు నెలలు: ఇంటర్వ్యూలు. అదే రోజు రాత్రి నోట్సు రాసుకోవాలి, మర్నాటికి సగం పోతుంది. ఐదో నెల: రాయడం.

చిక్కులొస్తే: మనుషులు దొరకకపోతే తీర్పులను, ఎఫ్‌ఐఆర్‌లను సమాచారంగా వాడుకునేలా ప్రశ్న మార్చుకోండి. అనుమతి రాకపోతే జైల్లో ఉన్నవాళ్ళ బదులు బయటికి వచ్చినవాళ్ళను, కుటుంబాలను కలవండి. ఫలితం మీరు ఊహించినదానికి ఎదురుగా వస్తే అలాగే రాయండి. లెక్క తిప్పి రాసినది వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

వైవాలో మొదటి ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఇదే: "ఎంతమందిని కలిశారు?" 20 అంటారు. వెంటనే, "మాట్లాడనన్నవాళ్ళు ఎంతమంది?" అందుకే నోట్‌బుక్ చివరి పేజీలో మొదటి రోజు నుంచే గీతలు పెట్టుకోండి: ఎందరి తలుపు తట్టారు, ఎందరు కూర్చోమన్నారు, ఎందరు మధ్యలో లేచిపోయారు.